ఇల్లు వద్దు, అభిప్రాయం అడిగితే చాలు

పేదవాడికి ఇల్లు ఇవ్వడమంత అన్యాయం మరొకటి లేదు! ఇల్లు ఇచ్చారంటే ఆ రోజుతో వాడి కథ ముగిసింది. ఆ తరవాత వాడి గుమ్మం తొక్కే నాథుడుండడు. అదే ఇల్లు ఇవ్వకుండా అభిప్రాయం అడుగుతూ ఉన్నారనుకోండి, బతికినంతకాలం వాడికి మర్యాదే మర్యాద!

మా రేకుల షెడ్ల వరసలో ఏళ్ల తరబడి ఆ మర్యాద అనుభవిస్తున్నాం. వాన పడితే మాకు లోపలా బయటా ఒకటే. తల మీదికి కురవని కప్పు ఒకటి ఇప్పించమని మొరపెట్టుకున్నాం. పైవాళ్లు వెంటనే స్పందించారు. కన్సల్టెంట్లను పంపారు!

కన్సల్టెంటంటే ఇల్లు కట్టేవాడనుకునేరు. కాదు. ఇల్లు లేకపోతే ఎలా ఉంటుందో లేనివాణ్ణి అడిగి, ఉన్నవాళ్లకు చెప్పేవాడు. ఎంత సున్నితమైన పని!

వాళ్లొచ్చి ఖాళీ జాగాలో సున్నంతో ఇల్లు గీశారు. ఇది గది, ఇది వంటిల్లు, ఇది గుమ్మం. "లోపలికొచ్చి నడిచి చూడండి, మీ ఇల్లే అనుకోండి" అన్నారు. అనుకున్నాం. అనుకోవడంలో మమ్మల్ని మించినవాళ్లెవరు?

ఆ ఇంటి సుఖం ఏమని చెప్పను! కప్పు కారుతుందన్న దిగుల్లేదు, కప్పుంటేగా! అద్దె లేదు. దొంగల భయం లేదు. చుట్టాలెక్కువైతే గీత అవతల కూర్చోబెట్టవచ్చు. కుట్టుమిషను వదిన అయితే ఏకంగా కాపురమే పెట్టేసింది. గోడ తొక్కుకుంటూ వచ్చిన మొగుణ్ణి "కళ్లు కనపడట్లా? గుమ్మం అటుంది, తిరిగి రా!" అని కసిరింది. ఆ మహానుభావుడు వెనక్కి వెళ్లి, గుమ్మం తగలకుండా తల వంచుకుని మరీ వచ్చాడు.

మా ఆవిడ వంటిల్లు గీతల మధ్య నిలబడి చేతులు చాపింది. రెండు చేతులూ గోడలు దాటిపోయాయి.

"అమ్మాయ్, ఇందులో నేను పడితే పొయ్యి పట్టదు, పొయ్యి పెడితే నేను పట్టను. ఎవర్ని ఉంచమంటావ్?" అంది.

కన్సల్టెంటమ్మాయి పొంగిపోయింది. "సూపరాంటీ! మాక్కావాల్సింది ఇలాంటి అభిప్రాయాలే" అంటూ రాసుకుంది. పక్కవాడు ఫొటో తీశాడు. గీత మాత్రం జరగలేదు.

జరగలేదనడం అన్యాయం. మరుసటేడు జరిగింది, లోపలికి! అందుబాటు ధర అంటే అదేనట. ధర మన చేతికి అందేదాకా ఇల్లు ముడుచుకుంటూ పోవాలి.

ఆ తరవాతి సారి వచ్చేసరికి చేతులు చాపి చూపించడానికి మా ఆవిడ లేదు. షెడ్డులో పొగకూ చెమ్మకూ ఊపిరాడక పోయింది. అయితేనేం? రిపోర్టు అట్ట మీద ఆవిడ మాట రంగుల్లో అచ్చేశారు. మనిషి పోయినా అభిప్రాయం క్షేమంగా ఉంది. ఆడదానికి ఇంతకన్నా ఏం కావాలి?

అన్నట్టు, సమాజాభివృద్ధి కూడా జరిగింది. మా అభిప్రాయాలు ఎండలో వాడిపోతున్నాయని వాటికోసం ఓ భవనం కట్టారు. పేరు సంప్రదింపుల కేంద్రం. స్లాబు, కిటికీలు, ఫ్యాన్లు, కుళాయి తిప్పితే నీళ్లు! చూస్తుండగానే లేచింది. దానికి ముందు సున్నం గీతల్లేవు, ఎవర్నీ అడిగింది లేదు. అడక్కపోతే ఇల్లు ఎంత త్వరగా లేస్తుందో మాకు అప్పుడే తెలిసింది.

పోయిన వారం గాలివాన వచ్చింది. ఇస్త్రీ బాబాయి షెడ్డు మీది రేకు ఎగిరిపోయింది. లోపల కోడలు, ఆమె ఒళ్లో పురిటి బిడ్డ.

"ఎక్కడికి పోదాంరా అబ్బాయ్?" అన్నాడు బాబాయి నా చెయ్యి పట్టుకుని.

కుట్టుమిషను వదిన ఎవరి అభిప్రాయమూ అడగలేదు. రాయి తీసుకుని కేంద్రం తాళం పగలగొట్టింది. వరస వరసంతా లోపలికి చేరాం. బిడ్డ ప్రొజెక్టరు బల్ల మీద హాయిగా నిద్రపోయింది.

తెల్లవారాక కన్సల్టెంట్లొచ్చారు. వాన ఇంకా దంచుతోంది. వదిన లోపల గడియ పెట్టి కిటికీ దగ్గర కుర్చీ వేసుకు కూర్చుంది.

"ఇది మీరు ఉండడానికి కాదమ్మా, మీ గురించి చర్చించుకోవడానికి. ఎప్పుడు ఖాళీ చేస్తారు?" అన్నాడు పెద్ద కన్సల్టెంటు, తిరగబడ్డ గొడుగుతో కుస్తీ పడుతూ.

మేం చదువు తక్కువవాళ్లమే కానీ, ఇల్లడిగినప్పుడల్లా వాళ్లు నేర్పిన పద్ధతి మరిచిపోయేంత కృతఘ్నులం కాదు.

"అంత పెద్ద విషయం తొందరపడి తేల్చకూడదు బాబూ" అంది వదిన. "ముందు అవగాహన కలగాలి. తరవాత అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆపైన ఉపసంఘం..."

"అదంతా తరవాతమ్మా! ముందు తలుపు తియ్యండి, తడిసి చస్తున్నాం!"

"అది మీ అభిప్రాయమా బాబూ?" అంది వదిన ఎంతో ఆప్యాయంగా. "మెల్లిగా చెప్పండి, రాసుకుంటాం."