రిగ్రెషన్ పుస్తకం తేలని ఇల్లు

పుస్తకం చదవడం కంటే ఏ పుస్తకం చదవాలో తేల్చుకోకపోవడమే ఆరోగ్యం! నమ్మరా? మా ఇంటికి రండి.

ఆఫీసులో పై పోస్టు కోసం నేను పరీక్ష రాయాలి. అందులో స్టాటిస్టిక్స్ పేపరు ఉంది. రిగ్రెషన్, అనాలిసిస్ ఆఫ్ వేరియన్స్ అనే పాఠాలు అందులోవే. ఒక పుస్తకం కొనుక్కుని చదివేద్దామనుకున్నాను. ఎంత తెలివితక్కువ ఆలోచన! అలా చదివేస్తే నా మీద ఇంట్లోవాళ్లకున్న శ్రద్ధ ఎప్పటికి బయటపడేది?

నా పుస్తకాన్ని ముందు మా మరిది చూశాడు.

"అయ్యో వదినా! ఇందులో రిగ్రెషన్ పదో చాప్టర్లో ఉంది. అందాకా ఏం చేస్తావు?"

"మొదటి తొమ్మిదీ చదువుతాను."

"మరీ ఇంత అమాయకురాలివైతే ఎలా?"

మర్నాడు ఇటుకంత పుస్తకం మోసుకొచ్చాడు. మా ఆయన దాని ముందుమాట చదివి పెదవి విరిచారు. ఉదాహరణలు లేని పుస్తకం పుస్తకమే కాదట! ఆయన తెచ్చినదాంట్లో ఉదాహరణలే ఉదాహరణలు. అన్నీ ఎరువుల మీదే.

"ఎరువులేంటి నాన్నా, ఛీ! అమ్మకి కంప్యూటర్లో చేసే పుస్తకం కావాలి" అని మా అమ్మాయి ఇంకోటి తెప్పించింది. అది అర్థం కావాలంటే ముందు ఏదో కంప్యూటర్ భాష రావాలి. దానికి పుస్తకం వెతుకుతోంది, పిచ్చితల్లి.

ఇప్పుడు రోజూ భోజనాల దగ్గర చర్చే! ఇదివరకు ఎవరి ఫోన్లోకి వాళ్లు చూస్తూ తినేవాళ్లు. ఇప్పుడు మొహాలు చూసుకుని పోట్లాడుకుంటున్నారు. ఇంత అదృష్టం ఎన్ని ఇళ్లకి పడుతుందండీ? చర్చ ముదిరితే నేను మరికాస్త కూర వడ్డిస్తాను. అంతకంటే నాకేం తెలుసు కనుక?

నిన్న మా ఆయన అడిగారు. "ఇంతకీ ఏది చదువుతున్నావు?"

"మీరింకా తేల్చలేదు కదండీ."

"ఎల్లుండి పరీక్ష పెట్టుకుని ఇంత బద్ధకమా!"

నిజానికి చదువుతూనే ఉన్నాను. మొదట కొన్నదే. సింకు పక్కన గోడకి ఆనించి, తడిచేత్తో పేజీలు తిప్పుతూ పదో చాప్టరు కూడా దాటాను. వేరియన్స్ అంటే మరేం లేదు, తేడాలెంత ఉన్నాయో చెప్పే కొలత. ఏది మంచి పుస్తకమంటే మా ముగ్గురు పండితులవీ మూడు దారులు. వేరియన్స్ ఆకాశంలో ఉంది! తిన్న గిన్నెలు ఎవరు తోమాలంటే మాత్రం ముగ్గురిదీ ఒకటే జవాబు. వేరియన్స్ సున్నా!

రేపు పొద్దున్నే పరీక్షకి వెళ్తూ వాళ్ల మూడు పుస్తకాలనీ సింకు పక్కన పేర్చి వెళ్తాను. రాత్రి గిన్నెలు సింకులోనే ఉంటాయి. ఏ పుస్తకం చూసి తోమాలో తీరిగ్గా చర్చించుకుని తేల్చుకుంటారు.