మంత్రిగారి కుడిచేయి

మాన్య పారిశుద్ధ్య శాఖామాత్యుల కుడిచేయి ఇకమీదట అన్ని బహిరంగ కార్యక్రమాల్లోనూ నడుముకు పైభాగంలోనే ఉంటుందని, ఈ విషయంలో ప్రజలు ఎలాంటి వదంతులూ నమ్మవద్దని మా శాఖ ఒక ప్రకటన విడుదల చేసింది. ఆ ప్రకటన రాసే భాగ్యం నాకే దక్కింది. మంత్రిగారి దగ్గర పత్రికా ప్రకటనలు రాసే గుమాస్తాను నేను. ఎన్నో రాశాను గాని, ఒక అవయవానికి ఇంత గౌరవం దక్కడం అదే మొదలు.

అసలు సంగతి ఇదీ. కొత్త మురుగుకాల్వ ప్రారంభోత్సవంలో మంత్రిగారు ఎడమచేత్తో రిబ్బను కత్తిరిస్తుండగా, కుడిచేయి ప్యాంటు మీద ఎక్కడ ఉండకూడదో అక్కడ తీవ్రంగా పనిలో ఉంది. కెమెరాలు కాల్వను వదిలేసి దాన్నే పట్టుకున్నాయి. ప్రతిపక్షం నానా యాగీ చేసింది. మా పార్టీవాళ్లు మాత్రం అదే ఫొటోతో, ‘రెండు చేతులా పనిచేసే నాయకుడు’ అని పోస్టర్లు వేశారు.

పోస్టరు పెద్దాయనకు నచ్చలేదు. పెద్దాయనంటే ప్రభుత్వాధినేత. ఆయన మంత్రిగారిని పిలిపించి ముక్తసరిగా చెప్పారు.

"వచ్చే నెల వార్షిక కవాతు. వేదిక మీద నా పక్కన నిలబడతావు. చెయ్యి కిందికి పోయిందా, పదవీ దాని వెంటే పోతుంది."

మంత్రిగారు చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చారు. పదవి లేని మంత్రిగారిని ఊహించుకోవడం నా వల్ల కాలేదు. ఆయన కుర్చీ పోతే నా స్టూలు కూడా పోతుంది కదా.

మంత్రిగారు ధీరులు. సమస్యను తన శాఖ పద్ధతిలోనే ఎదుర్కొన్నారు. బావమరిది ఫ్యాక్టరీలో తయారయ్యే ఘాటు సబ్బు, పొగలు కక్కే నీళ్లు, పీచు తీసుకుని పొద్దునా సాయంత్రం తోమారు. పైన సెంటు పౌడరు చల్లారు. ఎంత తోమితే అంత దురద. ఉపన్యాసం కాగితాలు పట్టుకుని స్నానాలగది బయట నిలబడిన నాకు లోపల్నించి మూలుగులు వినబడేవి.

మేడమ్‌గారు నన్ను పక్కకు పిలిచారు.

"ఏం బాబూ, మీ సారు నిద్రపోకుండా ఒకటే దొర్లుతున్నారు. ఏమిటండీ అంటే దేశం గురించి ఆలోచిస్తున్నానంటారు. ఆ దేశానికి ఒక్క డాక్టరూ దొరకడా?"

దొరికింది. పెద్దాసుపత్రిలో చర్మవ్యాధులు చూసే డాక్టరమ్మ. మంత్రిగారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని వెనకగుమ్మం గుండా వెళ్లారు. ఏదో శాఖా పర్యటనలా ఉండాలని నేను ఖాళీ ఫైలొకటి పట్టుకుని వెంట నడిచాను.

"నాకేం లేదమ్మా. నా మిత్రుడొకడికి..." అన్నారు మంత్రిగారు.

"మీ మిత్రుణ్ణి ఆ తెర వెనక్కి వెళ్లి ప్యాంటు విప్పమనండి," అంది డాక్టరమ్మ.

మిత్రుడి తరఫున మంత్రిగారే వెళ్లారు. స్నేహమంటే అలా ఉండాలి.

చూడటం అయ్యాక ఆవిడ చేతులు కడుక్కుంటూ చెప్పింది. "పురుషాంగం మీదా వృషణాల మీదా చర్మం ఎండిపోయి పొట్టు రాలుతోందండీ. అక్కడ చర్మం బాగా పల్చన. మీరేమో మాడిన గిన్నె తోమినట్టు తోముతున్నారు. ఆ సబ్బు మానేయండి. వేడినీళ్లు, పీచు, పౌడరు, సెంటు అన్నీ మానేయండి. గోరువెచ్చటి నీళ్లతో కడుక్కుని మెత్తటి తువ్వాలుతో అద్దుకోండి, రుద్దొద్దు. ఆ కాస్త చెమ్మ ఉండగానే వాసన లేని పెట్రోలియం జెల్లీ పల్చగా రాయండి. లోపల వదులైన నూలుబట్టలు వేసుకోండి. వాటిని సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించమనండి. మందుల షాపువాడు ఇచ్చే దురద క్రీములు ముట్టుకోవద్దు. పగుళ్లు, పుండ్లు కనబడితే, తగ్గకపోతే మళ్లీ రండి."

"మరి మందు?"

"మానేయడమే మందు."

మంత్రిగారు చిన్నబుచ్చుకున్నారు. "అలా అంటే ఎలాగమ్మా, మంత్రిని. ఏదైనా ప్రారంభించేది చెప్పండి. మానేసేదానికి నేనేం కత్తిరించను?"

"గోళ్లు కత్తిరించుకోండి," అంది డాక్టరమ్మ.

మంత్రిగారు అన్నీ మానేశారు. రాజకీయాల్లోకి వచ్చాక ఆయన వదులుకున్న మొదటివి అవే. ఇంట్లో మిగిలిన సబ్బుపెట్టెలు పారేయడానికి మాత్రం మనసొప్పలేదు. బంగారు కాగితం చుట్టించి పెద్దాయనకు కానుకగా పంపారు. పైన అతికించిన భక్తివాక్యాలు నావే.

పొట్టు పోయింది, మంట పోయింది, మేడమ్‌గారికి నిద్ర పట్టింది. మంత్రిగారు రోజూ అద్దం ముందు నిటారుగా నిలబడి సాధన చేశారు. నేను ఎదురుగా కూర్చుని ఆయన కుడిచేతిని కాపలా కాశాను. అది ఇసుమంతైనా కదలకపోతే నిజంగా పొంగిపోయాను.

కవాతు రోజు వచ్చింది. వేదిక మీద మంత్రులంతా వరసగా నిలబడ్డారు. మధ్యలో పెద్దాయన, పక్కనే మా మంత్రిగారు. బ్యాండు మోగింది. మొదటి దళం దాటింది. రెండో దళం వస్తుండగా పెద్దాయన మొహం అదోలా అయిపోయింది. ఆయన కుడిచేయి మెల్లగా కిందికి దిగింది. దిగి, ఊరుకోలేదు.

ఆర్థికమంత్రి ఓరకంట చూశారు. ఆయన చేయీ దిగింది. ఆ వెంటనే విద్యామంత్రిది, రవాణామంత్రిది. చిట్టచివరన ఉన్న సహాయమంత్రి తన విధేయత పెద్దాయనకు కనబడదేమోనని ముందుకు వంగి మరీ గోక్కున్నారు. కింద దళాన్ని నడిపిస్తున్న అధికారి క్షణం తటపటాయించి, వందనం వదిలేసి తానూ చేయి దించాడు. వెనక దళమంతా దించింది. అడుగు మాత్రం ఒక్కరూ తప్పలేదు.

అంతమందిలో చలించకుండా నిలబడినవారు మా మంత్రిగారు ఒక్కరే. గర్వంతో నాకు కళ్లు చెమర్చాయి.

సాయంత్రానికి పెద్దాయన కార్యదర్శి ఫోన్ చేశాడు.

"మీ మంత్రిగారి ఉద్దేశమేమిటయ్యా?"

"ఏముంది సార్, ఆజ్ఞ ప్రకారం చెయ్యి కదపలేదు. క్రమశిక్షణ."

"దాన్ని మా దగ్గర ధిక్కారం అంటారు. దేశం మొత్తం పెద్దాయన వెంట ఉంటే, పక్కనున్నవాడికి చీమ కుట్టినట్టైనా లేదు. రాజీనామా పంపించమను. కారణం ఏదో ఒకటి నువ్వే రాసెయ్."

ఆరోగ్య కారణాల వల్ల అని రాశాను. నేను రాసిన ప్రకటనల్లో అబద్ధం లేనిది అదొక్కటే.

మర్నాడు పెద్దాసుపత్రికి వెళ్తే చర్మవ్యాధుల గది ముందు ఇసక వేస్తే రాలనంత జనం. అందరూ ఖాళీ అయిన పదవి మీద కన్నేసినవాళ్లే. పాత పరిచయం కొద్దీ డాక్టరమ్మ మా మంత్రిగారిని ముందు పిలిచింది. తెర వెనక శ్రద్ధగా చూసి బయటికొచ్చింది.

"చర్మం బ్రహ్మాండంగా ఉందండీ. పొట్టు లేదు, పగులు లేదు, ఎరుపు లేదు. ఇంకేమిటి మీ బాధ?"

మంత్రిగారు ప్యాంటు బిగించుకుంటూ తెర వెనక నుంచి వచ్చారు.

"అదేనమ్మా నా బాధ."