మీటరు తిరగని భవనం

సూరత్ నగరానికి ఇకపై రెండే యుగాలని, ఒకటి ఈ భవనానికి ముందు, రెండోది దీని తర్వాత అని జనరల్ మేనేజర్ రామలింగేశ్వరరావుగారు ప్రారంభోత్సవంలో ప్రకటించారు. సచిన్ పారిశ్రామికవాడ పక్కన ఒక సర్కారీ నిర్మాణ సంస్థ తన ఆఫీసు కోసం కట్టుకున్న గ్రీన్ బిల్డింగ్ అది. అందులో ఏసీ లేదు, పంకా లేదు. గాలి తనంతట తానే వచ్చి పోతుందని డ్రాయింగులో నీలం బాణాలు గీశారు.

అకౌంట్స్‌లో పనిచేసే వీణ ఆ బాణాలను నమ్మింది. ఆమెకు ఏడో నెల. భేస్తాన్ నుంచి బస్సులో వచ్చి, మే నెల ఉక్కపోతలో బాణాలు వచ్చే దిక్కుకు ముఖం పెట్టి కూర్చునేది. కిటికీలు తెరిస్తే పక్క మిల్లు పొగ వచ్చి గ్రీన్ అవార్డులో గాలి నాణ్యతకిచ్చే మార్కులు పోతాయని సారు వాటిని మూయించారు. బాణాలు బయటే ఉండిపోయాయి.

ఊడ్చే ఎల్లవ్వ చూసి ఊరుకోలేకపోయింది. “ఏంది బిడ్డా, గిట్ల చెమటల నానుతున్నవ్? సారును జర ఒక్క పంకా అడుగరాదు?”

వీణ అడిగింది. సారు కోప్పడలేదు. కోప్పడటం సంస్థ వర్క్ కల్చర్‌కు విరుద్ధం.

“పంకా ఎంత పనమ్మా. కానీ కరెంటు మీటరు తిరుగుతుంది. అవార్డు కమిటీ వచ్చేది ఆ మీటరు చూడటానికే. లీడర్ అన్నవాడు కష్టంలో ముందుండాలి. నేనూ పంకా కింద కూర్చోను.”

ఆడిన మాట తప్పే మనిషి కాదాయన. మర్నాటి నుంచి పోర్టికోలో తన కారులో కూర్చున్నారు. ఇంజను ఆన్, ఏసీ ఆన్. కారు భవనంలో భాగం కాదు గనుక మీటరు కదలలేదు. ఫైళ్లు కారు అద్దంలోంచి లోపలికి వెళ్లి, సంతకాలతో చల్లగా బయటికి వచ్చేవి.

నాయకుడి బాటే సిబ్బంది బాట. డిప్యూటీ మేనేజర్ ఫణి తన కారు తెచ్చి పక్కన నిలిపాడు, ఆ వెనకే మిగతా ఆఫీసర్లు. వారం తిరిగేసరికి ఆఫీసంతా ఆవరణలో ఉంది. పొగకు పోర్టికో మొక్కలు మాడిపోతే ప్లాస్టిక్‌వి పెట్టించారు. నీళ్ల పొదుపు కింద వాటికీ మార్కులొచ్చాయి. కారు లేని వీణకు మాత్రం భవనమంతా మిగిలింది. కడుపు పట్టుకుని, ఎండలో కారు నుంచి కారుకు ఫైళ్లు తిప్పేది.

కమిటీ వచ్చింది, కారులోనే. ఛైర్మన్ అద్దం జానెడు దించి, ఫైళ్లతో నిలబడ్డ వీణ మెడలోని బ్యాడ్జీ చదివి, లోపల ఎలా ఉంది వీణాబెన్ అని హిందీలో అడిగారు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననుకుంది వీణ.

“ఊపిరాడటం లేదు సర్. ఒక్కసారి లోపలికొచ్చి కూర్చోండి.”

కమిటీ ఎండవైపు చూసింది. పక్క కారులోంచి సారు చిరునవ్వు నవ్వారు. “చూశారా, మా దగ్గర చిన్న ఉద్యోగి కూడా మనసులో మాట నిర్భయంగా చెబుతుంది.”

నిర్భయ వాతావరణానికి కమిటీ పూర్తి మార్కులు వేసి, అద్దం ఎత్తుకుని వెళ్లిపోయింది.

అవార్డు వచ్చింది. దానితో పాటు బహుమతిగా ఒక సోలార్ టేబుల్ ఫ్యాన్ కూడా. సంగతి మోసుకొచ్చింది ఎల్లవ్వే.

“ఎండతోని తిరుగుతదట బిడ్డా, మీటరుతోని పనే లేదట. దేవుడు నీ మొర విన్నడు.”

వీణకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రం రామలింగేశ్వరరావుగారు చాలా రోజుల తర్వాత భవనంలోకి అడుగుపెట్టారు, పూలదండ వేసిన పంకాను స్వయంగా మోసుకుంటూ. తిన్నగా వీణ బల్ల దగ్గరికే వచ్చారు.

“అడిగింది నువ్వే కదమ్మా. అందుకే నీ ఎదురుగానే పెట్టిస్తున్నాను.”

ఎదురు గోడకు అప్పటికే అద్దాల బీరువా బిగించి ఉంది. సారు పంకాను అందులో పెట్టి తాళం వేశారు. రోజూ అద్దం మీద దుమ్ము తుడిచే బాధ్యత వీణకు అప్పగించి, నుదుటి చెమట తుడుచుకుంటూ గబగబా కారెక్కారు.