పిండి బంద్

2006లో ఒక సోమవారం. గద్వాలలో చీరలు నేసే రామచంద్రయ్య పొద్దున లేస్తూనే పని ఖాయం చేసుకున్నాడు: రెండు జొన్నరొట్టెలు తిని, మగ్గానికెక్కించే కొత్త పడుగు నూలుకు గంజి పెట్టాలి. ఎండ ఉండగానే నూలు ఆరిపోవాలి.

తీరా చూస్తే పొయ్యి మీద పెనం లేదు. కంచంలో మాత్రం అన్నం కుప్పగా ఉంది.

"రొట్టెలేవే?"

"పిండి బంద్," అంది భార్య పుష్ప. "నీకు షుగరుంది, పిండి పదార్థాలు తగ్గియ్యాలె, కొవ్వు తగ్గియ్యాలె అని నిన్న డాక్టరమ్మ చెప్పలే? ఇంట్ల ఉన్న పిండి, నూనె మొత్తం పక్కింటి పెంటమ్మక్కకు ఇచ్చేసిన."

"మరి అన్నం?"

"అన్నం పిండెట్లయితది? గింజ గింజ కనవడ్తలేదా?"

రామచంద్రయ్య కంచం ముందు కూర్చున్నాడు. చుక్క నూనె లేని సొరకాయ కూర గొంతు దిగాలంటే రోజూ తినేదానికి రెట్టింపు అన్నం కావాల్సి వచ్చింది. మొగుడొక్కడే అవస్థ పడితే చూడలేక పుష్ప కూడా అంతే తిన్నది.

గంజి కాచబోతే బియ్యప్పిండి డబ్బా ఖాళీ.

"అది తినేది కాదే, నూలుకు పెట్టేది!"

"పిండి పిండే. ఇంట్ల ఉంటే నీ చెయ్యి ఊకోదు."

పిండి వెనక్కి అడుగుదామని పక్కింటికి పోయాడు. పెంటమ్మ అతన్ని జాలిగా చూసింది.

"నీకు కొవ్వు ఎక్కువైందట గద తమ్మీ! పుష్ప చెప్పింది. నాకైతే ఎన్నడూ గట్ల అనిపియ్యలే."

ఆమె వెనక బాణలిలో మురుకులు వేగుతున్నాయి. పిండీ తనింటిదే, నూనే తనింటిదే. మొదటిది మొహమాటానికి తిన్నాడు, రెండోది రుచికి. ఆ తర్వాతవాటికి కారణం వెతుక్కోలేదు.

ఇంటికొచ్చేసరికి కళ్లు తిరిగి గడపలో కూలబడ్డాడు. 'రామచంద్రయ్య కొవ్వెక్కి పడిపోయిండట' అని వాడంతా పాకింది. ఆటోలో ఆలుమగలతో పాటు పెంటమ్మా ఎక్కింది. దవాఖానలో డాక్టరమ్మ పరీక్ష చేసి, ఏం తిన్నావని అడిగింది.

"పిండి ముట్టనియ్యలే మేడమ్, అన్నమే పెట్టిన," అంది పుష్ప గర్వంగా.

"మురుకులు నేను పెట్టిన," అంది పెంటమ్మ నెమ్మదిగా.

డాక్టరమ్మ నవ్వలేదు. "తప్పు నాదేనమ్మా, విడమరిచి చెప్పలేదు. అన్నం, రొట్టె, అటుకులు, ఆలుగడ్డ అన్నీ పిండి పదార్థాలే. ఒంట్లోకి పోయాక చక్కెరే అవుతాయి. మానొద్దు, కొలత పెట్టుకోండి. సగం కంచం కూరలుండాలి. ఒంటికి నూనె కూడా కొంచెం కావాలి. వేపుళ్లే తగ్గించాలి."

వింటూనే పుష్ప నాలుగో గ్లాసు నీళ్లు తాగేసింది. డాక్టరమ్మ అది చూసింది.

"నీకెందుకమ్మా అంత దాహం?"

"ఏడాదాయె మేడమ్, గిట్లనే దూపయితది."

ఆమె వేలికీ సూది గుచ్చారు. మొగుడికన్నా ఆమె షుగరు వంద ఎక్కువుంది.

"ఇంకా ఆలస్యమైతే కళ్లకో కిడ్నీలకో ముప్పొచ్చేది. మంచి టైముకే బయటపడింది," అంది డాక్టరమ్మ.

రామచంద్రయ్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముందు డాక్టరమ్మకు దండం పెట్టాడు. తర్వాత పెంటమ్మ రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ మురుకులు తినకుంటే మేం ఈడికి రాకపోదుం అక్కా. నా పుష్పను దక్కిచ్చినవ్."

పుష్ప మొదటిసారి మొగుడి ముందు తల దించుకుంది. "ఇగ మనం ఏం తినాలెనో నువ్వే చెప్పు," అంది.

అప్పటినుంచి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునే తింటున్నారు, ఎవరి కంచం వాళ్లు చూసుకోకుండా, ఒకరి కంచం మీద ఒకరు కన్నేసి.