ఖంగుమన్న మూడో బిందె

ఒక పెద్ద అడవిలో, తూర్పు చివర, నడి ఎండాకాలంలో కూడా ఇంకని మడుగు ఒకటి ఉండేది. ఆ అడవిలో సింహం లేదు. కథ అనగానే సింహాన్ని తెచ్చి గుహలో కూర్చోబెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకది గిట్టదు. లేనిదాన్ని ఉందని చెప్పను.

అయిదేళ్లకోసారి ఆ మడుగుకి ఒక పెద్దను ఎన్నుకునేవారు. ఎవరు ఏ వేళకి నీళ్లు తాగాలో వంతు వేసేది ఆ మడుగుపెద్దే. ఓసారి ఎలుగుబంటి గెలిచేది, ఓసారి తోడేలు గెలిచేది. మూడో పేరు ఎవరి నోటా వచ్చేది కాదు.

తోడేలు పెద్దరికంలో వంతులే ఉండవు. "మడుగు అందరిదీ, ఎవరు ఎప్పుడైనా రావచ్చు" అనేది. వచ్చినవాళ్లలో రోజుకొకరు ఇంటికి తిరిగి వెళ్లేవారు కాదు.

ఎలుగు పెద్దరికంలో వంతులు ఉంటాయి. పొద్దున్నే ఎలుగూ, దాని చుట్టాలూ దిగి ఒళ్లు రుద్దుకుంటారు. తర్వాత పెద్ద జంతువులు. చిన్న ప్రాణులకి మిట్టమధ్యాహ్నం. అప్పటికి కింద బురద, పైన గద్ద.

ఆ గద్దే కిందటి ఎండాకాలం తాయమ్మ పిల్లల్ని ఇద్దర్ని ఎత్తుకుపోయింది. తాయమ్మ అంటే చెవులపిల్లి, అదే కుందేలు. ఈ ఏడు దానికి మళ్లీ నలుగురు పిల్లలు. పుట్టి తొమ్మిది రోజులు. ఇంకో పది రోజులు పోతే పాలు చాలవు, మడుగుకి తీసుకెళ్లక తప్పదు. ఏ వేళకి తీసుకెళ్లాలో తేల్చేది ఈ ఎన్నికే.

ఈసారి మూడో పేరు వచ్చింది. ముళ్లపంది.

దానికి జెండా లేదు, జేజేలు కొట్టేవాళ్లు లేరు. భుజాలకెత్తుకుని ఊరేగిద్దామన్నా కుదరదు. దండ వేయబోయిన కోతికి మూతిలో మూడు ముళ్లు దిగాయి. కానీ నాలుగు ఎండాకాలాలుగా ఎండిన వాగులో ఇసుక తోడి, చెలమలు తీసి, చిన్న ప్రాణులకి గుక్కెడు నీళ్లు చూపించింది అదొక్కటే. ఎవరూ అడగలేదు. అది ఎవరికీ చెప్పుకోలేదు.

"నేనొస్తే తెల్లవారగానే చిన్నవాళ్ల వంతు. గద్ద లేవకముందే తాగి వెళ్లిపోవచ్చు" అంది. దాని ప్రసంగం అంతే.

అడవిలో ఏ పొద దగ్గర విన్నా ఒకటే మాట. "మంచిదేనర్రా. కానీ గెలవదు."

ఆ రోజు తాయమ్మ పెనిమిటిని అడిగింది. "ఏమయ్యా, ముళ్లపందికి వేద్దామా?"

"నాకూ వేయాలనే ఉందే. గెలవదుగా."

"ఎందుకు గెలవదు?"

"ఎవరూ వేయరుగా."

"ఎందుకు వేయరు?"

"గెలవదు కాబట్టి!"

తాయమ్మ గడ్డిపరక నములుతూ ఆ మాటల్ని మొదటినుంచీ మళ్లీ అనుకుంది. "ఇందులో ఎక్కడో ఏదో తేడాగా ఉందయ్యా" అంది.

"రాజకీయమంటే అంతే. నీకు తెలీదు, ఊరుకో" అన్నాడు పెనిమిటి. అతనికి తెలిసినట్టు.

మర్నాడు నక్క వచ్చింది. నక్క ఎన్నికల అధికారి. ఎలుగు గెలిచినా, తోడేలు గెలిచినా అధికారి మాత్రం అదే. అది నా గుమ్మంలోకి వస్తే నేను పక్కకి తిరిగి కూర్చుంటాను, కారణం నాకు తెలుసు, దానికి తెలుసు. తాయమ్మ మాత్రం కూర్చోమంది.

"చెల్లెమ్మా, నీ దగ్గర దాచడమెందుకు? నా మనసూ ముళ్లపంది మీదే ఉంది" అంది నక్క.

"మరి వెయ్యన్నా."

"వేస్తే? ఎలుగుకి ఒకటి తగ్గుతుంది. తగ్గితే వచ్చేదెవరు? తోడేలు. ముళ్లపందికి వేసిన ఓటు మురిగిపోయిన ఓటు తల్లీ. కిందటేడు నీకు ఇద్దరేగా పోయారు. తోడేలు వస్తే నలుగురూ పోతారు. లెక్క నువ్వే వేసుకో."

"ఇద్దరేగా అంటావేంటన్నా?"

"అయ్యో, లెక్క కోసం అన్నాలేమ్మా. మనసులో పెట్టుకోకు."

అక్కణ్ణించి లేచి నక్క రేచుకుక్కల దగ్గరికి వెళ్లింది. అవి తోడేలు మనుషులు. అక్కడా అదే పాట, పేర్లు మాత్రం మార్చి. "ముళ్లపందికి వేశారంటే ఎలుగు నెత్తి మీద కూర్చుంటుంది తమ్ముళ్లూ!"

ఎన్నికకి ముందురోజు నక్క ఎలుగు గుహకి వెళ్లింది. అక్కడ తోడేలు కూడా కాళ్లు బారజాపుకుని పడుకుని ఉంది. బయట ఒకరి నీడ ఒకరు తొక్కరు ఇద్దరూ. లోపల మాత్రం వియ్యంకుల్లా ఉన్నారు.

"నువ్వు గెలిస్తే నాకేం బాధ లేదు బావా. అయిదేళ్లు ఆగితే నేనే వస్తాను. ఈ ముళ్లది వచ్చిందంటే మన ఇద్దరి వంతూ పోతుంది" అంది తోడేలు.

ఎలుగు తేనె నాకుతూ నక్కని చూసింది. "ఏం చేద్దాం?"

"నేను చూసుకుంటాగా" అంది నక్క.

ఆ అడవిలో ఓటంటే వాగులోంచి తెచ్చుకున్న గులకరాయి. తునికాకు కోయడానికి వచ్చిన మనుషులు వదిలేసి పోయిన సత్తు బిందెలు ఉంటాయి. అభ్యర్థికో బిందె. టేకాకుల తడిక వెనక పెడతారు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి, రాయి వేసి రావాలి.

తెల్లవారుజామునే నక్క ఎలుగు బిందెలో జానెడు ఇసుక పోసింది. తోడేలు బిందెలో జానెడు పోసింది. ముళ్లపంది బిందె ఉత్తదే ఉంచింది. బిందె మూతి ఇరుకు, లోపల ఏముందో కనపడదు.

అందరూ వరసలో నిలబడ్డాక గొంతు సవరించుకుంది. "ఓటు రహస్యం. నేను తడిక ఇవతలే ఉంటాను. కళ్లు మూసుకుంటాను." చెవులు మూసుకుంటానని అనలేదు. చిన్న ప్రాణులు తడిక దాటేటప్పుడు మాత్రం మెల్లిగా ఊదింది. "మూడోదాంట్లో వేస్తే ఖంగుమంటుంది సుమా. ఎలుగూ తోడేలూ ఇక్కడే కూర్చున్నారు, చూశావుగా."

ముందు ఎలుగు చుట్టాలు వెళ్లొచ్చారు, తర్వాత తోడేలు చుట్టాలు. చప్పుడు లేదు. ఇరవై ఆరోది తాయమ్మ.

తాయమ్మ మూడో బిందె దగ్గరికే వెళ్లింది. రాయి నోట కరుచుకుని మూతి మీదికి వంగింది. పిల్లలు నలుగురూ గుర్తొచ్చారు. నక్క వేసిన లెక్కా గుర్తొచ్చింది. నేనొక్కదాన్నే ఖంగుమనిపించి ఏం సాధిస్తాను అనుకుంది. మొదటిదైన ఎలుగు బిందె దగ్గరికి వచ్చి రాయి వదిలేసింది. చప్పుడు లేదు. తల దించుకుని బయటికి వచ్చింది.

నలభై మూడోది మనుబోతు తాత. ముసలివాడు, బ్రహ్మచెవుడు. పక్కన పిడుగు పడినా మేత ఆపడు. నక్క ఆయన చెవిలోనూ ఊదింది. తాత మర్యాదగా తలూపాడు. లోపలికి వెళ్లి, తన ఎత్తు నుంచే మూడో బిందెలోకి రాయి వదిలాడు.

ఖంగ్!

కొమ్మల మీద పిట్టలు లేచిపోయాయి. తాత బయటికి వచ్చి, అందరూ తననే చూస్తుంటే, "ఏమర్రా, నా ఒంటికేమైనా అంటుకుందా?" అని తోక తిప్పి చూసుకున్నాడు.

నక్క పళ్లు కొరికింది. కానీ మనుబోతుని ఎవరేమంటారు? ఒక్క తాపు తంతే నక్క వాగు అవతల పడుతుంది.

"తాత వేశాడ్రోయ్!" అంది వరసలో ఉన్న ముంగిస. లోపలికి వెళ్లింది. ఖంగ్! తర్వాత అడవికోడి. ఖంగ్! ఆ తర్వాత కుందేటి కుటుంబాలు వరసగా. ఖంగ్, ఖంగ్, ఖంగ్!

ఈ ముచ్చట ఉడుత వేరేగా చెబుతుంది, మొదటి రాయి తనదేనని. నమ్మకండి. ఉడుత అప్పటికి నిద్రే లేవలేదు.

కోతులు వేళ్ల మీద లెక్కపెట్టాయి. "ముళ్లపందికి పదకొండు. ఎలుగుకెంత?"

"వినపళ్లేదు."

"తోడేలుకి?"

"అదీ వినపళ్లేదు."

"అంటే సున్నాయే! మరి ఇందాక వెళ్లిన నలభై మందీ ఏం చేశారు?"

"ఇద్దరూ నచ్చక రాయి బయట పారేసుకుని ఉంటారు."

నక్క గభాల్న లేచింది. "వినపడకపోయినా పడుతున్నాయర్రా! పడుతున్నాయి!"

"వినపడకుండా ఎలా పడతాయి నక్కన్నా? మూడూ సత్తు బిందెలేగా?" అంది పెద్ద కోతి.

ఇసుక పోశానని ఎలా చెబుతుంది?

రేచుకుక్కలు గుసగుసలాడుకున్నాయి. "మన తోడేలుకి ఒక్కటీ పడలేదటరా."

"మరి మనం వేస్తే?"

"మురిగిపోతుంది. గెలిచేవాడికి వేద్దాం పద."

ఖంగ్! ఖంగ్! ఖంగ్!

ఎలుగు మేనల్లుడు కూడా మేనమామ వైపు చూడకుండా లోపలికి వెళ్లాడు. ఖంగుమంది. ఎలుగు నెత్తి పట్టుకుంది.

తాయమ్మ ఒక పక్కన కూర్చుని వింటోంది. ఒక్కో చప్పుడూ చెంప మీద కొట్టినట్టుంది. ఆఖరికి పరిగెత్తుకుంటూ నక్క దగ్గరికి వచ్చింది. "అన్నా, నా రాయి నాకిచ్చేయి. మళ్లీ వేస్తాను."

"వేసిన ఓటు తిరిగివ్వరు."

"నువ్వు చెబితేనే కదా అక్కడ వేశాను!"

"నేను సలహా ఇచ్చానమ్మా. వేసింది నువ్వు" అంది నక్క. ఆ రోజు మొత్తం మీద అది పలికిన నిజం అదొక్కటే.

సాయంత్రం బిందెలు బోర్లించారు. ముళ్లపందికి తొంభై ఆరు, ఎలుగుకి ముప్ఫై ఎనిమిది, తోడేలుకి ఇరవై తొమ్మిది. ఒక్కటి అటూ ఇటూ లేదు, నేను చెబుతున్నాను. రాళ్లతో పాటు ఇసుక కూడా రెండు కుప్పలు పడింది.

"ఇదేంటి?" అని అడిగారు.

"గాలికి బిందెలు దొర్లకుండా బరువుకి పోశాను" అంది నక్క.

"మరి మూడోదాంట్లో?"

"ఇసుక చాలలేదు."

పక్కనే వాగు. వాగు నిండా ఇసుక.

నక్క సిగ్గుపడలేదు. నేరుగా ముళ్లపంది దగ్గరికి వెళ్లి వంగి దండం పెట్టింది. "అయ్యగారూ, ఈ గెలుపు నా వల్లే. మీ బిందె మాత్రమే మోగాలని నేనే అలా ఏర్పాటు చేశాను."

"ఔను, నీ వల్లే" అంది ముళ్లపంది. ఒప్పుకుని, వెనక్కి తిరిగి, ముళ్లు నిక్కబొడిచింది. నక్క నాలుగు గంతుల్లో అడవి అంచుకి పోయింది.

ఆ రాత్రికే అడవిలో ఓటేసిన ప్రతి ప్రాణీ మొదటి ఖంగు తనదే అంది. తాయమ్మ పెనిమిటి కూడా నలుగురిలో, "మా ఇంట్లో మేం ముందే అనుకున్నామండీ" అన్నాడు. తాయమ్మ లేచి పిల్లల దగ్గరికి వెళ్లిపోయింది.

పది రోజుల తర్వాత, తెల్లవారగానే, తాయమ్మ నలుగురు పిల్లల్నీ మడుగుకి తీసుకొచ్చింది. నీళ్లు తేటగా ఉన్నాయి. ఆకాశంలో ఏమీ లేదు. పిల్లలు మూతులు ముంచి తాగుతుంటే, లెక్కపెట్టుకుంది. నలుగురు. మళ్లీ లెక్కపెట్టుకుంది. నలుగురే.

గట్టు మీద మనుబోతు తాత తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. తాయమ్మ దగ్గరికి వెళ్లి, ఆయన చెవిలోకి గట్టిగా అరిచింది. "తాతా! ముళ్లపంది గెలవదని తెలిసి కూడా ఎలా వేశావు?"

"ఏంటీ?"

"గెలవదని! తెలిసి కూడా!"

తాత నెమరు ఆపాడు. "గెలవదా? ఎవరన్నారు? నాతో ఎవరూ అనలేదే!"

"నక్క మీ ఇంటికి రాలేదా?"

"వచ్చింది. ఒక పూటంతా కూర్చుని చేతులు తిప్పుతూ ఏదో చెప్పింది. వాళ్లింట్లో పెళ్లేమో, పిలవడానికొచ్చింది అనుకున్నాను. తప్పకుండా వస్తానని తలూపాను" అన్నాడు తాత. మళ్లీ నెమరు అందుకుని, "ఇంతకీ పెళ్లెప్పుడు?" అని అడిగాడు.

నీతి: మంచివాడు గెలవాలంటే ఓటేసేవాడికి చెవుడైనా ఉండాలి, దొంగకి అతితెలివైనా ఉండాలి.