ఇడ్లీ పిండికి ఇన్వర్టర్

శనివారం పొద్దున్నే ఏడింటికల్లా బయలుదేరాలన్నది దమయంతి ప్లాన్. తాముండే క్యారీ ఊరి నుంచి కొండల్లోని క్యాంప్‌గ్రౌండ్‌కు నాలుగున్నర గంటల దారి. ఆదివారం ఉదయం అక్కడ నలభై మంది తెలుగువాళ్ళకు ఇడ్లీలు పెట్టే బాధ్యత ఆమెది. అది ఊరికే రాలేదు. నిరుడు ఇదే పిక్నిక్‌లో ఆమె ఇడ్లీలు కాస్త గట్టిపడ్డాయి. కాస్తంటే కాస్తే! అంతమాత్రానికి ఈ ఏడాది ఎవరేం తేవాలో చెప్పే పాట్‌లక్ జాబితాలో, పిక్నిక్ పెత్తనమంతా చేసే ఛాయాదేవి ఆమె పేరుకు ఎదురుగా ‘పేపర్ ప్లేట్లు’ అని రాసింది. ఇరవై ఏళ్ళుగా గరిటె పట్టిన మనిషికి పేపర్ ప్లేట్లు! దమయంతి రెండు వారాలు ఫోన్లో పోట్లాడి తన ఇడ్లీలను వెనక్కి తెచ్చుకుంది.

పిండి రాత్రే పొంగింది. ఇక చల్లగా ఉంచితే చాలు.

"ఐస్ బాక్స్‌లో పెట్టేద్దామండీ," అంది.

మంచం, ఫ్రిజ్ అన్నీ ఉన్న అద్దె ట్రైలర్‌ను పికప్ ట్రక్కుకు తగిలిస్తున్న ఆమె భర్త రఘువీర్ నొచ్చుకున్నాడు. "అంత ఫ్రిజ్ పెట్టుకుని ఐస్ బాక్సా? నేను ట్రిపుల్ ఈ చదివానని మర్చిపోయావా?"

మర్చిపోనిస్తే కదా! ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న మర్నాటి నుంచి ఆయన జావా కోడింగ్ తప్ప మరొకటి ముట్టుకోలేదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా వీడియో చూస్తాడు. ఆ ఫ్రిజ్ గ్యాస్ మీదా నడుస్తుంది, కరెంటు మీదా నడుస్తుంది, దారిలో గ్యాస్ మీద వదిలేయండి అని ట్రైలర్ యజమాని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. కదిలే బండిలో గ్యాస్ మంటేమిటని రఘువీర్ దాన్ని కట్టేశాడు. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఒకటి కొనుక్కొచ్చి ట్రైలర్ బ్యాటరీకి బిగించాడు. బయట కరెంటుకు పెట్టాల్సిన ట్రైలర్ ప్లగ్గును తెచ్చి ఆ ఇన్వర్టర్‌లోనే గుచ్చాడు. ఫ్రిజ్ దీపం వెలిగింది. దాంతోపాటు బ్యాటరీ చార్జ్ అవుతోందని చెప్పే పచ్చ దీపం కూడా వెలిగింది.

"చూశారా! ఫ్రిజ్ నడుస్తోంది, బ్యాటరీ కూడా చార్జ్ అవుతోంది!"

తొమ్మిదో గ్రేడ్ చదువుతున్న కూతురు అనుష్క చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసింది. "చార్జ్ ఎక్కడ్నుంచి వస్తుంది, డాడీ?"

"ఇన్వర్టర్ నుంచి."

"ఇన్వర్టర్‌కి?"

"బ్యాటరీ నుంచి."

"బట్ డాడీ..."

"నీకింకా ఫిజిక్స్ స్టార్ట్ కాలేదమ్మా. ట్రక్ ఎక్కు."

గ్రీన్స్‌బరో దాటాక రెస్ట్ ఏరియాలో ఆగారు. ట్రైలర్‌లో ఇన్వర్టర్ బీప్ బీప్‌మని ఒకటే గోల పెడుతోంది.

"ఒక్కసారి ఫ్రిజ్ తెరిచి చూద్దామండీ," అంది దమయంతి.

"తెరిస్తే ఉన్న చల్లదనం పోతుంది. ఎవరూ ముట్టుకోవద్దు!"

రఘువీర్ స్నేహితుడు తేజేశ్వర్‌కు ఫోన్ చేశాడు. అతనిదీ ట్రిపుల్ ఈయే, అతనూ జావాయే. "లోడ్ ఎక్కువైనట్టుంది బ్రో. జరసేపట్ల అదే సెటిల్ అయితది," అన్నాడు తేజేశ్వర్.

గంట తర్వాత మళ్ళీ ఆగారు. రఘువీర్ ట్రైలర్‌కు చెవి ఆనించి, దమయంతినీ ఆనించమన్నాడు. "ఏమైనా వినబడుతోందా?"

"ఏమీ లేదు," అంది దమయంతి.

"అదే మరి! సెటిల్ అయింది."

పాపం, దమయంతి నమ్మింది. ‘ఈసారి ఇడ్లీలు దూదిపింజలే’ అని ఛాయాదేవికి మెసేజ్ కూడా పెట్టింది.

అందుకే కాబోలు, క్యాంప్‌గ్రౌండ్‌లో ఛాయాదేవి పనిగట్టుకుని ఎదురొచ్చింది. ట్రైలర్ తలుపు తీయగానే ముందు పుల్లటి వాసన వచ్చింది. తర్వాత పిండి కనిపించింది. గిన్నెల మూతలు నెట్టుకుని, ఫ్రిజ్ తలుపు తోసుకుని, నేలంతా పాకి మంచం కోళ్ళ దాకా చేరింది. ఇన్వర్టర్ చచ్చి గంటలైంది. ఫ్రిజ్ లోపల జూలై ఎండకు ఉక్కపోస్తోంది.

"బ్యాటరీ తనని తానే చార్జ్ చేసుకుంటే ఇలాగే అవుతుంది," అంది అనుష్క.

తన భుజాల మీద తానే ఎక్కి ఊరు చూడాలనుకుంటే ఏమవుతుందో, అదే అయింది.

దమయంతి ఒళ్ళు మండిపోయింది. "రెండు సంచుల ఐస్ పడేస్తే పోయేది! మీ ట్రిపుల్ ఈ నా పిండి మీదే చూపించాలా?"

"పోనీలే దమయంతీ," అంది ఛాయాదేవి చల్లగా. "ప్లేట్లు నేను ఎక్స్‌ట్రా తెచ్చాలే."

ఆ మాటతో దమయంతి చున్నీ నడుముకు బిగించింది. గిన్నెల్లో మిగిలిన సగం పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపింది. పిక్నిక్ బల్ల మీద స్టవ్ పెట్టి, సాయంత్రానికి మూకుడు నిండా పునుగులు దింపింది. వాయి దిగడం, మాయమవడం. నలభై మందీ మూకుడు చుట్టూ చేరారు. రేపటి ఇడ్లీలు ఎవరికీ గుర్తుకే రాలేదు.

పన్నెండో పునుగు నములుతూ ఛాయాదేవి అడిగింది. "పొంగితే పొంగింది గానీ, ఈ పులుపు ఇంట్లో ఎంత పులియబెట్టినా రాదే! ఏం చేశావు?"

దమయంతి నోరు తెరిచేలోపే రఘువీర్ అందుకున్నాడు. "ఏముందండీ, మూవింగ్ వెహికల్‌లో, స్లోగా, ఒక టెంపరేచర్‌లో... అంతా మన ఇన్వర్టర్ సెటప్!"

జనం ఇన్వర్టర్‌కు ఫొటోలు తీయడానికి ట్రైలర్‌లోకి దూరారు. దమయంతి చేతిలోని చిల్లుల గరిటె గాల్లోనే ఆగిపోయింది. పిండి రుబ్బింది ఎవరు? ఎండలో నూనె ముందు నిలబడింది ఎవరు?

సోమవారానికే వచ్చే ఏడాది జాబితా వాట్సాప్‌లో వచ్చింది. ‘పునుగులు: రఘువీర్. ఇన్వర్టర్ తప్పక తేవలెను.’

దమయంతి పేరుకు ఎదురుగా ‘పేపర్ ప్లేట్లు’ అని ఉంది.