మార్కండేయ దాచుకున్న పెద్ద చెవి

ఉరవకొండ బస్టాండు దగ్గర తాళాలు బాగుచేసే మార్కండేయను ఊళ్లో అందరూ బీగాల మార్కండేయ అంటారు. ఎవరింటి తాళమైనా చిటికెలో తెరిచే ఆ మనిషి, సొంత వంటింటి అలమర ముందు మాత్రం గుటకలు మింగుతూ నిలబడాల్సి వచ్చింది.

తప్పు అతనిదే. ఒకసారి భార్య ఈశ్వరికి మంచి తాళం ఒకటి తెచ్చి, దీన్ని తాళంచెవి లేకుండా నేను కూడా తెరవలేనని గొప్పలు పోయాడు. ఆమె దాన్ని అలమరకు వేసుకుంది. కొన్నాళ్లకు డాక్టరు అతనికి షుగరుందన్నాడు. గార్లదిన్నెలో ఆమె పుట్టింటి చేను ఆ ఏడు ఇచ్చిన కాసిని శనక్కాయలూ బెల్లంతో ఉండలై ఆ అలమరలోకి వెళ్లాయి. చెవి ఆమె బొడ్లోకి వెళ్లింది. మార్కండేయ తన ఇనప పుల్లలన్నీ పెట్టి చూశాడు. తాళం గురించి తను చెప్పిందంతా నిజమేనని తేలింది.

అంతలో గుంతకల్లు లాడ్జి నుంచి పని వచ్చింది. ఏ గది చెవి ఆ గదికే పడాలి, మేనేజరు దగ్గరుండే పెద్ద చెవి మాత్రం అన్నిటికీ పడాలి. మార్కండేయకు ప్రాణం లేచొచ్చింది. ముందు ఇంట్లో చేసి చెయ్యి కుదుర్చుకోవాలని చెప్పి ఈశ్వరి చేతే అలమర తెరిపించి, దానితో పాటు తల్లి చిన్నక్క పెట్టె, తన బల్ల సొరుగు, మూడింటి తాళాలూ విప్పి కూర్చున్నాడు. పెద్ద చెవి మాట మాత్రం ఇంట్లో ఎత్తలేదు.

అతనికి చత్వారం వచ్చినప్పటినుంచి తాళాల్లో పిన్నులు వేసేది ఈశ్వరే. అతను కొలతలు చెబుతాడు, ఆమె చిన్న చిమటాతో ఆవగింజలంతేసి పిన్నుల్ని పట్టి వరసగా వేస్తుంది. పిన్ను మీద పల్చటి బిళ్ల కూడా పడితే ఆ తాళం రెండో చెవికీ తిరుగుతుంది. ఆ రెండో చెవే పెద్ద చెవి, అది అప్పటికే మార్కండేయ జేబులో ఉంది.

అలమర తాళంలో బిళ్లలు వేయమంటే ఎందుకని ఈశ్వరి అడిగింది. గట్టిదనానికి అన్నాడు. అత్త పెట్టెకూ గట్టిదనమే కావలసి వచ్చింది. సొరుగు దగ్గరికి వచ్చేసరికి బిళ్లలు వద్దన్నాడు.

"నీ సొరుగుకు గట్టిదనం అక్కర్లేదా?"

"దాంట్లో ఏముండాదిలే మే, పాత సామాను."

ఆమె తలూపి పని కానిచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం అతను అన్నానికి వచ్చేసరికి వీధి కొళాయికి నీళ్లు వచ్చాయి, ఈశ్వరి బిందెలతో పరిగెత్తింది. పెద్ద చెవి పెట్టగానే అలమర తెరుచుకుంది. ఒక ఉండ నోట్లో, గుప్పెడు జేబులో వేసుకున్నాడో లేదో బిందెల చప్పుడు వినిపించింది. జేబులోవి సొరుగులో పెట్టి తాళం వేసి, రాత్రికి తీరిగ్గా తిందామని అంగడికి పోయాడు. రాత్రి చూస్తే సొరుగు ఖాళీ.

రోజూ ఇదే తంతు. అలమరలో ఉండలు అంతగా తరగడం లేదు, సొరుగులో ఒక్కటీ మిగలడం లేదు. అనుమానం కొత్తగా పళ్లు కట్టించుకున్న చిన్నక్క మీదికి పోయింది. ఆమె అరుగు మీద కునుకు తీస్తుంటే లోపల ఆమె పెట్టె తెరిచాడు. వక్కాకు సంచి తప్ప ఏమీ లేదు. తలెత్తేసరికి తల్లి గుమ్మంలో ఉంది.

"నా చెవి నా మొలలోనే ఉండాది. నా పెట్టె ఎట్ల తెరిచినావురా?" అంది చిన్నక్క. ఆ గొంతుకు కొళాయి దగ్గరి ఆడవాళ్లందరూ బిందెలు వదిలి వచ్చారు. వాళ్ల ముందు ఈశ్వరి ఉంది.

ఆమె బొడ్లోంచి తన అలమర చెవి తీసి మొగుడి సొరుగుకు పెట్టింది. సొరుగు తెరుచుకుంది. అందులో ఆ మధ్యాహ్నం ఉండలు ఉన్నాయి.

"దీంట్లో బిళ్లలు వద్దంటి గదా," అన్నాడు మార్కండేయ నీరసంగా.

"నువ్వు వద్దంటివి. నేను నా అలమర చెవికీ తిరిగేటట్లు దీనికీ వేస్తిని. ఇన్నేండ్లు నీ పిన్నులు వేసినదాన్ని, బిళ్ల ఎందుకో నాకు తెలీదా?"

తను రోజూ దొంగిలిస్తున్నవి అవే ఉండలని అతనికి అప్పుడు అర్థమైంది. అంతా తెలిసీ ఎందుకు ఊరుకున్నావని అడిగాడు.

"డాక్టరు దినానికొకటి తిననీ అన్నాడు. చేతికిస్తే నువ్వు ఒకటితో లేస్తావా? దొంగతనమైతే భయానికి ఒకటి తిని, మిగతావి దాచుకుంటావు. నేను మళ్లీ తెచ్చి అలమరలో పెడతాండా. నువ్వు బాగుండల్లనే గదా నా తిప్పలన్నీ."

మార్కండేయ సిగ్గుతో తల దించుకున్నాడు, లోపల మాత్రం ఎందుకో హాయిగా అనిపించింది. పెద్ద చెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. అత్త పెట్టెలో బిళ్లలు ఈ పూటే తీసేస్తానని ఈశ్వరి చిన్నక్కకు మాటిచ్చింది. తర్వాత ఆ పెద్ద చెవిని తిరిగి మొగుడి జేబులోనే వేసింది.

"ఉంచుకో. రేపు నీళ్లొచ్చే యాలకు కావల్ల గదా," అని బిందెల కోసం వెళ్లింది.